నీటికి ధర్మకర్త ఎవరు?

పెదవేగి మెట్టమీద కురిసిన వాన ఎక్కడికి పోవును? ఆ ఊరి రైతు నడిగినచో తడుముకొనక చెప్పును. కొంత నేలలో ఇంకి బావులకు ఊటయగును. మిగిలినది వాగులబడి పల్లమునకు దిగి కొల్లేరు చేరును. కొల్లేటినుండి ఉప్పుటేరు మీదుగా సముద్రమున కలియును. ఖమ్మము మెట్టలనుండి దిగివచ్చు తమ్మిలేరును ఏలూరు పట్టణమును ఒరసికొని ఆ సరస్సునకే పోవును. పటమున చూచినచో ఇది కొద్దిపాటి ప్రయాణమే. కాని ఈ కొద్ది దూరములోనే ఆ నీరు ఒకరి చేనును, ఒక గ్రామపు చెరువును, ప్రభుత్వపు కాలువను, పక్షులకై విడిచిన అభయారణ్యమును దాటిపోవుచున్నది. దారిలో దానిని ఎవరు ఆపవచ్చును? ఎవరు మళ్లింపవచ్చును? ఆపిన నీరు గట్టు తెంచుకొని పొరుగువాని ఆస్తిని ముంచినచో నష్టము ఎవరు భరింపవలెను? అసలు ఆ నీరు ఎవరి సొత్తు?

పెదవేగి శాలంకాయన రాజులకు రాజధాని. వేంగీదేశమునకు పేరిచ్చిన ఊరు. ఆనాటి రాజులు భూమిని దానము చేసినప్పుడు రాగిరేకులమీద చెక్కించి యిచ్చెడివారు. ఆ రేకులు ఈ ప్రాంతమున దొరికినవి. పండితులు వానిని చదివి ప్రకటించిరి. రాగిరేకుమీద భూమికి హద్దులు చెప్పుట సులభము. తూర్పున ఫలానా ఊరు, పడమర ఫలానా గట్టు అని వ్రాసిన చాలును. నీటికి హద్దులు వ్రాయుట అట్టిది కాదు. అది నేడొకచోట, రేపొకచోట నుండును. అందుచేతనే భూమినిగూర్చిన చట్టములు త్వరగా కుదిరినను, నీటినిగూర్చిన న్యాయము మాత్రము ఒక్కొక్క వ్యాజ్యముతో ఒక్కొక్క మెట్టు ఎక్కుచు వచ్చినది. ఆ మెట్లలో ముఖ్యమైనవి తెలుగునాటి చెరువుల కట్టలమీదనే పడినవి. చివరి మెట్టు మన కొల్లేటి గట్టుననే ఉన్నది.

ముందుగా ఒక విషయము స్పష్టము చేసికొనవలెను. ఇరువురు వ్యక్తులు కోర్టుకు పోయి ఒక తగవు తీర్చుకొనినచో, అది లోకమునకంతకు చట్టమెట్లగును? శాసనసభ చేసిన చట్టము సామాన్యమైన మాటలలో ఉండును. దానిని ఒక నిర్దిష్టమైన తగవునకు అన్వయించునపుడు న్యాయమూర్తి తన నిర్ణయమునకు కారణము చెప్పవలెను. ఆ కారణమే తీర్పునకు ప్రాణము. తరువాత అట్టి తగవే మరియొకటి వచ్చినపుడు క్రింది కోర్టులు ఆ కారణమునే అనుసరింపవలెను. వకీళ్లు దీనిని నజీరు అందురు. ఆంగ్లేయుల కాలమున మన దేశపు వ్యాజ్యములకు కట్టకడపటి న్యాయస్థానము లండనులోని ప్రివీ కౌన్సిలు. 1950లో మన రాజ్యాంగము అమలులోనికి వచ్చిన తరువాత ఆ స్థానము సుప్రీం కోర్టునకు చెందినది. ఆ కోర్టు నిర్ణయించిన న్యాయము దేశములోని కోర్టులన్నిటికి శిరోధార్యమని రాజ్యాంగపు 141వ అధికరణము చెప్పుచున్నది. కావున ఒక చెరువునుగూర్చి వచ్చిన తీర్పు అన్ని చెరువులకును వర్తింపగలదు.

ఇక మొదటి మెట్టు చూతము. నేటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరము ఒకప్పుడు పెద్ద జమీందారీ. దానిలో తరతరములనాటి చెరువులు ఉండెడివి. ఒకసారి మిక్కుటముగా వాన కురిసి రెండు చెరువులు తెగి, ఆ నీరు మద్రాసు రైల్వే కంపెనీవారి మార్గముమీద పడి వంతెనలను కొట్టివేసినది. కంపెనీవారు జమీందారుమీద నష్టపరిహారమునకు దావా వేసిరి. వారి వాదము సూటిగా నున్నది: మీరు మీ భూమిలో అంత నీటిని నిలువచేసితిరి; అది తప్పించుకొని వచ్చి మమ్ము నష్టపరచినది; తప్పు ఉన్నను లేకున్నను నష్టము మీరే ఇచ్చుకొనవలెను.

ఈ వాదము వట్టి గాలిమాట కాదు. ఇంగ్లండులో రైలాండ్స్ అను మిల్లు యజమాని తన మిల్లుకొరకు ఒక జలాశయము కట్టించుకొనెను. ఆ నీరు భూమి అడుగుననున్న పాత గనుల దారిని పోయి పొరుగుననున్న ఫ్లెచర్ అనువాని బొగ్గుగనిని ముంచినది. రైలాండ్స్ స్వయముగా ఏ పొరపాటును చేయలేదు. అయినను నష్టము అతడే భరింపవలెనని 1868లో అక్కడి ప్రభువుల సభ నిర్ణయించినది. ప్రమాదకరమైన వస్తువును తన లాభమునకై తెచ్చి నిలువచేసికొనువాడు, అది తప్పించుకొనినచో కలుగు నష్టమునకు బాధ్యుడు అన్నది ఆ తీర్పు సారము. రైల్వే కంపెనీవారు ఈ సూత్రమునే కార్వేటినగరమునకు తెచ్చిరి.

1874లో ప్రివీ కౌన్సిలు ఆ వాదమును అంగీకరింపలేదు. వారు చెప్పిన కారణము గమనింపదగినది. ఇంగ్లండులోని మిల్లు జలాశయము ఒక వ్యక్తి తన లాభమునకై క్రొత్తగా తెచ్చిపెట్టుకొనినది. కార్వేటినగరపు చెరువులు అట్టివి కావు. అవి ప్రాచీనకాలమునుండి ఉన్నవి. ఈ దేశమున వాన కొన్ని నెలలే కురియును. ఆ నీటిని నిలువచేసికొననిదే పంట లేదు, పంట లేనిదే జనము బ్రతుకదు. అట్టి చెరువును ఉంచుకొనుట జమీందారుకు కేవలము హక్కు కాదు, విధి. ఇష్టము లేదని ఆ చెరువును పూడ్చివేయుటకు అతనికి అధికారము లేదు. విధిగా చేయవలసిన పనిని శ్రద్ధతో చేసినవానిని, వాన మితిమీరినదని శిక్షించుట న్యాయము కాదు. చెరువును సరిగా కాపాడుటలో అశ్రద్ధ ఉన్నచో అతడు బాధ్యుడు, లేనిచో కాడు. తూములును, కలుజులును సక్రమముగా నున్నవనియు, అశ్రద్ధ రుజువు కాలేదనియు దావా కొట్టివేయబడినది.

పైకి చూచినచో ఇది జమీందారు గెలిచిన వ్యాజ్యము. లోపల చూచినచో జమీందారును కట్టివేసిన వ్యాజ్యము. చెరువు నాది అని అతడు అనవచ్చును. కాని దానిని ఏమైనను చేయుదునని అనరాదు. ఊరి బ్రతుకునకై దానిని కాపాడవలసినవాడు అతడు. దేవాలయమునకు ధర్మకర్త యున్నట్లే చెరువునకు జమీందారు. ధర్మకర్తకు గుడి తాళములు చేత నుండును, గుడి మాన్యము మాత్రము అతనిది కాదు. ఈ భావము ఆనాడు పూర్తిగా విచ్చుకొనకపోయినను, విత్తనము 1874లోనే పడినది.

రెండవ మెట్టు ఉత్తరమున శ్రీకాకుళము సీమలోని ఉర్లాము జమీందారీది. వంశధార నీరు పాతకాలపు కాలువల ద్వారా ఆ జమీందారీ పొలములకు పారుచుండెడిది. ప్రభుత్వము 1865నాటి మద్రాసు చట్టమును చూపి ఆ నీటికి తీరువ విధించినది. నది ప్రభుత్వముది, నీరు వాడుకొనువారు పన్ను కట్టవలెను, మొదట సాగైన భూమికంటె ఇప్పుడు ఎక్కువ సాగైనది, రెండవ పంటయు పండుచున్నది, కావున తీరువ తప్పదు అని ప్రభుత్వపు వాదము. జమీందారు వాదము వేరు. 1802నాటి శాశ్వత పరిష్కారమున పేష్కషు నిర్ణయించినపుడు ఈ కాలువలు ఉన్నవి. వాని నీటిని లెక్కలోనికి తీసికొనియే శిస్తు కట్టిరి. మరల దానికే పన్ను వేయుట ఒక సరకునకు రెండు వెలలు అడుగుట.

1917లో ప్రివీ కౌన్సిలు జమీందారు పక్షముననే తీర్పు చెప్పినది. కాలువను వెడల్పు చేయక, తలతూమును పెంచక, పూర్వము ఎంత నీరు వచ్చుచుండెనో అంతే తీసికొన్నంతవరకు, దానితో ఎన్ని ఎకరములు పండించుకొన్నను, ఎన్ని పంటలు పండించుకొన్నను ప్రభుత్వము అదనపు తీరువ అడుగరాదు. నీటి హక్కునకు కొలత పొలము కాదు, కాలువ అని దీని భావము. ఈ తీర్పుతో మరియొక సంగతియు తేలినది. ప్రభుత్వము నదికి అధిపతియైనను, ఆ ఆధిపత్యము హద్దులేనిది కాదు. ప్రజలతో చేసికొనిన ఒడంబడిక ప్రభుత్వమునైనను కట్టును.

ఇంతలో కాలము మారినది. 1948నాటి మద్రాసు చట్టముతో జమీందారీలు రద్దయినవి. ఎస్టేటులలోని చెరువులు, కాలువలు, పోరంబోకులు ప్రభుత్వమునకు దఖలు పడినవి. నిన్నటివరకు జమీందారు కూర్చున్న స్థానమున నేడు ప్రభుత్వము కూర్చున్నది. ఇక్కడ ఒక ప్రశ్న సహజముగా పుట్టవలెను. జమీందారు హక్కులు ప్రభుత్వమునకు వచ్చినవి సరే; ప్రివీ కౌన్సిలు జమీందారు మెడను కట్టిన విధియు వచ్చినదా? ఒక చెరువును పూడ్చి ఇండ్లస్థలములుగా అమ్ముటకు జమీందారుకు లేని అధికారము ప్రభుత్వమునకు ఉన్నదా? ఈ ప్రశ్న చాలకాలము ఎవరును గట్టిగా అడుగలేదు. చెరువులు పుష్కలముగా నున్నంతకాలము దానిని అడుగవలసిన అగత్యమును కలుగలేదు.

ఆ అగత్యమును మనకు చూపినది కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్లెమువలె నున్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులును, రెండు డెల్టాల మురుగుకాలువలును దీనిలోనికే దిగును. వెలుపలికి పోవుదారి ఉప్పుటేరు ఒక్కటియే. అందుచేత వరదకాలమున నీటిని తనలో నిలుపుకొని, మెల్లమెల్లగా సముద్రమునకు విడుచుట దీని పని. సముద్రమట్టమునకు ఐదు అడుగుల ఎత్తున గీచిన గీతను ఈ ప్రాంతమువారు ఐదవ కాంటూరు అందురు. ఆ గీత లోపలి వైశాల్యము 308 చదరపు కిలోమీటర్లు. వరద మిక్కుటమై పదవ కాంటూరు వరకు నీరు నిలిచినచో సరస్సు 900 చదరపు కిలోమీటర్లకు విస్తరించును. వేసవిలో చాలభాగము ఎండి పొలమగును. కాబట్టి కొల్లేరు ఎంత అని అడిగినచో, ఏ నెలలో అని తిరిగి అడుగవలెను.

ఇట్లు తరుగుచు పెరుగుచు నుండుటయే దీనికి ముప్పు తెచ్చినది. ఎండిన నేలను చూచినవానికి అది ఖాళీభూమిగా కనబడును. 1970ల దశకమున ప్రభుత్వమే, లంకగ్రామములలోని పేదలకు జీవనోపాధి కల్పింపవలెనను సదుద్దేశముతో, సహకార సంఘముల పేర సరస్సులో చేపల చెరువులకు తోడ్పడినది. 1980లు, 90లలో చేపల వ్యాపారము లాభసాటియగుటతో పెట్టుబడిగలవారు వచ్చిరి. పేదల పేరనున్న చెరువులు పలుచోట్ల కౌలుమీద ఇతరుల చేతికి పోయినవి. గట్టు పక్కన గట్టు లేచినది. ప్రతి గట్టును నీటి దారికి ఒక అడ్డము. ఒకప్పుడు సరస్సులో పరచుకొనవలసిన వరద పొలములమీద నిలువసాగినది. గూడబాతులు దిగుటకు తావు తగ్గినది. నాటుపడవ వేసికొని వలతో బ్రతికెడి వడ్డీల కుటుంబములకు, తమ తాతలు తిరిగిన నీళ్లమీద తమకే దారి లేకపోయినది.

విచిత్రమేమనగా, సరస్సు ఇట్లు ముక్కలగుచున్న ఆ దశకముననే, 1976లో, రాజ్యాంగమునకు 42వ సవరణ జరిగినది. పర్యావరణమును, అడవులను, వన్యప్రాణులను రక్షించుటకు రాజ్యము ప్రయత్నింపవలెనని 48-ఏ అధికరణము చేర్చబడినది. అడవులను, సరస్సులను, నదులను కాపాడుట ప్రతి పౌరుని ప్రాథమిక విధియని 51-ఏ అధికరణమున వ్రాయబడినది. సరస్సు అను మాట ఆ విధముగా రాజ్యాంగములోనికి ఎక్కినది. కాని వ్రాత ఒకటి, నడత ఒకటి. ఆ వ్రాతకు పదును పెట్టినవి కోర్టులు.

ఆ పదును ఎట్లు వచ్చినదో తెలిసికొనుటకు కొంతదూరము పోయిరావలెను. గాలి, పారెడి నీరు, సముద్రము, సముద్రతీరము అందరివియని ఆరవ శతాబ్దమున జస్టీనియన్ చక్రవర్తి చేయించిన రోమన్ న్యాయగ్రంథము చెప్పినది. 1869లో అమెరికాలోని ఇల్లినాయీ రాష్ట్రపు శాసనసభ, చికాగో నగరపు ఒడ్డుననున్న మిషిగన్ సరస్సు అడుగుభూమిని వెయ్యి ఎకరములకు పైగా ఒక రైల్వే కంపెనీకి ధారపోసినది. నాలుగేండ్లకు తన తప్పు తెలిసికొని ఆ దానమును రద్దుచేసినది. కంపెనీ కోర్టుకెక్కినది. 1892లో ఆ దేశపు సుప్రీం కోర్టు, ప్రజల రాకపోకలకును, వర్తకమునకును, చేపలవేటకును ఉపయోగపడు జలములను రాష్ట్రము ప్రజలకొరకు ధర్మకర్తగా మాత్రమే ధరించుననియు, ఆ బాధ్యతను ఒకరికి అమ్మి చేతులు దులుపుకొనరాదనియు తేల్చినది. దీనినే ప్రజా ధర్మకర్తృత్వ సూత్రము అందురు.

ఈ సూత్రము మన దేశమునకు 1996 డిసెంబరులో వచ్చినది. హిమాచల ప్రదేశమున బియాస్ నది ఒడ్డున ఒక విహారశాలవారు అటవీభూమిని కౌలుకు పొంది, తమ కట్టడమును కాపాడుకొనుటకై నది ప్రవాహమునే మళ్లించిరి. సుప్రీం కోర్టు ఆ కౌలును రద్దుచేసి, చెడగొట్టినదానిని బాగుచేయుటకగు ఖర్చు వారే భరింపవలెనన్నది. ప్రకృతిసిద్ధములైన ఇట్టి సంపదలకు ప్రభుత్వము యజమాని కాదు, ధర్మకర్త యని స్పష్టముగా ప్రకటించినది. 1874లో కార్వేటినగరపు కట్టమీద పడిన విత్తనము నూట ఇరువది సంవత్సరములు దాటిన పిమ్మట మొలకెత్తినట్లయినది.

సూత్రము ఉన్నంతమాత్రమున చాలదు. దానిని రుజువు చేయుట యెట్లు? ఇక్కడ మరల తెలుగునాటి వ్యాజ్యమే దారి చూపినది. 1908నాటి మూసీ వరద తరువాత హైదరాబాదు నగరరక్షణకై కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు ఆ నగరమునకు త్రాగునీరు ఇచ్చెడివి. వానికి పది కిలోమీటర్లలోపల కాలుష్యము కలిగించు పరిశ్రమలు ఉండరాదని 1996లో ప్రభుత్వము ఉత్తరువు చేసినది. ఆ పరిధిలోనే ఒక నూనెపదార్థముల కర్మాగారము అనుమతి కోరినది. కాలుష్య నియంత్రణ మండలి వలదన్నది. అప్పీలు అధికారి సరేయన్నారు. విషయము సుప్రీం కోర్టు చేరినది. మామూలు వ్యాజ్యములలో హాని జరుగునని చెప్పువాడే దానిని రుజువు చేయవలెను. కాని నీరు చెడిన తరువాత రుజువు దొరికినను లాభమేమి? అందుచేత 1999 జనవరిలో ఆ కోర్టు, క్రొత్త పని తలపెట్టువాడే దానివలన హాని లేదని చూపవలెననియు, సందేహమున్నచోట నీటి పక్షము వహింపవలెననియు చెప్పినది. తీర్పును వ్రాసినవారు జస్టిస్ ఎం. జగన్నాధరావుగారు. ఆ పరిశ్రమకు ప్రత్యేకముగా ఇచ్చిన మినహాయింపు చెల్లదని 2000 డిసెంబరులో తుదితీర్పు వచ్చినది. నియమము చేసిన ప్రభుత్వమే దానికి తూటు పొడువరాదని ఫలితము.

మూడవది తిరుపతి వ్యాజ్యము. ఆ పట్టణపు పొలిమేరనున్న అవిలాల, పేరూరు చెరువులను ప్రభుత్వము గృహనిర్మాణమునకై కొన్ని సంస్థలకు అప్పగించినది. చెరువులు ఎండిపోయినవి, వానివలన ప్రయోజనము లేదు, ఇండ్లు అవసరము అన్నది ప్రభుత్వపు వాదము. పట్టణములోని మేధావుల సంఘమొకటి, చెరువు ఎండినను దాని అడుగున భూగర్భజలమునకు ఊట ఉన్నదని వాదించినది. హైకోర్టులో ఓడిపోయి సుప్రీం కోర్టునకు పోయినది. 2006 ఫిబ్రవరి 23న తీర్పు వచ్చినది. ప్రభుత్వము చెరువులకు ధర్మకర్తయే అని కోర్టు చెప్పినది. కాని అప్పటికే అక్కడ ఇండ్లు లేచినవి; జనము కాపురములున్నారు. వారిని వెళ్లగొట్టుట న్యాయము కాదు. అందుచేత ఇకముందు క్రొత్త కట్టడములు కూడదని, కట్టిన ఇండ్లలో కప్పునీటిని నేలలోనికి ఇంకించు ఏర్పాటు చేయవలెనని ఆదేశించినది. న్యాయము గెలిచినది, చెరువులో చాలభాగము మాత్రము తిరిగిరాలేదు. ఆలస్యముగా వచ్చిన గెలుపు ఎట్లుండునో ఈ వ్యాజ్యము చూపుచున్నది.

ఈ వ్యాజ్యములలో దావా వేసినవారు ఎవరో గమనింపుడు. కార్వేటినగరమున వంతెనలు పోయిన కంపెనీ వేసినది. ఉర్లాములో పన్ను పడిన జమీందారు వేసెను. తిరుపతిలో వేసినవారికి సొంత ఆస్తి ఏదియు పోలేదు. తనకు స్వయముగా నష్టము లేకున్నను, పదిమంది మేలుకోరి పౌరుడు కోర్టుకు రావచ్చునని 1980ల దశకమున సుప్రీం కోర్టు ద్వారము తెరచినది. ప్రజాప్రయోజన వ్యాజ్యమనగా ఇదియే. ఆ ద్వారము లేనిచో, నోరులేని చెరువు పక్షమున మాటలాడువారే ఉండరు.

ఇక కొల్లేటికి తిరిగి వత్తము. 1999లో ప్రభుత్వము, 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద, ఐదవ కాంటూరు వరకు గల 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించినది. సంప్రదాయముగా వచ్చుచున్న చేపలవేటను నిషేధింపలేదు. గట్లుపోసి చెరువులు త్రవ్వుటను మాత్రము కూడదన్నది. 2001లో హైకోర్టు తీర్పు సరస్సును కాపాడవలెనను పక్షమునకే మొగ్గినది. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒప్పందపు జాబితాలో చేరి, అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపు పొందినది. అయినను గట్లు తొలగలేదు. అడవులనుగూర్చి 1995నుండి సాగుచున్న సుదీర్ఘమైన వ్యాజ్యములో భాగముగా, సుప్రీం కోర్టు నియమించిన కేంద్ర సాధికార సంఘము ఇక్కడికి వచ్చి విచారించినది. దాని సిఫారసులపై 2006 ఏప్రిల్‌లో, అంటే తిరుపతి తీర్పు వచ్చిన రెండు నెలలలోపల, అభయారణ్యములోని చేపల చెరువులను తొలగింపుమని కోర్టు ఆదేశించినది. ఆ వేసవిలో యంత్రములతోను, ప్రేలుడు మందులతోను గట్లు తెగినవి. కొల్లేరు ఆపరేషను అని జనము దానికి పేరుపెట్టుకొనిరి.

దీనివలన సరస్సు ఊపిరి పీల్చుకొన్నమాట నిజమే. కాని న్యాయము చెప్పువాడు త్రాసు రెండు తట్టలను చూడవలెను. గట్లు తెగినపుడు ఎక్కువ ఏడ్చినవారు పెట్టుబడిదారులు కారు. వారికి వేరుచోట చెరువులున్నవి. సంఘములో తన పేరుండి, ఏటేట కొంత కౌలుసొమ్ము అందుకొనుచు, కూలికి పోవుచు బ్రతికిన లంకవాసికి ఒక్కనాటితో రెండును పోయినవి. ఐదవ కాంటూరు లోపల వేల ఎకరముల జిరాయితీ భూమియు చిక్కుకొన్నది. పట్టా తనది, శిస్తు కట్టినది తాను, కాని చెరువు త్రవ్వుకొనుటకు లేదు, పరిహారమో, ప్రత్యామ్నాయమో తేలకయే సంవత్సరములు గడచినవి. నీటికి ధర్మకర్తగా నిలిచిన ప్రభుత్వమునకు, ఆ నీటిమీద బ్రతికిన మనుష్యుల విషయమున బాధ్యత లేకపోలేదు. ధర్మకర్తృత్వములో ఇదియు ఒక భాగమే. తీర్పులలో ఈ భాగము ఇంకను పూర్తిగా వ్రాయబడలేదు.

ఈ బాధయే 2008లో శాసనసభ తీర్మానమునకు కారణమైనది. అభయారణ్యపు హద్దును ఐదవ కాంటూరునుండి మూడవ కాంటూరునకు కుదింపవలెనని సభ కోరినది. కోరినంతనే కుదింపరాదా అని చాలమంది అడుగుదురు. రాదు. అభయారణ్యపు హద్దు మార్చుటకు జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. పైగా సుప్రీం కోర్టు అనుమతి లేక ఏ అభయారణ్యమును రద్దుచేయరాదని 2000 నవంబరులో వచ్చిన ఆదేశము ఉన్నది. కేంద్రము పంపిన నిపుణుల సంఘము ఐదవ కాంటూరునే నిలుపవలెనని చెప్పినది. మూడవ కాంటూరు లోపలి వైశాల్యము 135 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అనగా ఇప్పటి హద్దులో సగముకంటె తక్కువ. కాగితముమీద గీత జరుపవచ్చును. వాన కురిసినపుడు నీరు ఆ గీతను చూచి ఆగదు.

ఈ మాట ఎంత నిజమో 2024 సెప్టెంబరు మొదటి దినములలో విజయవాడవారు చూచిరి. బుడమేరు పొంగి ఆ నగరములోని పేటలకు పేటలే దినములకొలది నీటిలో నున్నవి. బుడమేటి గమ్యస్థానము కొల్లేరే. ఎగువనున్న ఏటిపక్కన ఆక్రమణయైనను, దిగువనున్న సరస్సులో గట్టయినను, ఉప్పుటేటిలో పూడికయైనను, ఒకదాని ఫలితము మరియొకచోట తేలును. నీరు నేర్పు నజీరు ఇది. దీనిమీద అప్పీలు లేదు.

ఈ తీర్పులన్నిటిని ఒక వరుసలో పేర్చి చూచినచో ఒక మార్పు కనబడును. మొదట కోర్టులు అడిగిన ప్రశ్న: నష్టము ఎవరు ఇచ్చుకొనవలెను? తరువాతి ప్రశ్న: పన్ను ఎవరు కట్టవలెను? నేటి ప్రశ్న: కాపాడవలసినవాడు ఎవడు? సొత్తునుగూర్చిన న్యాయము క్రమముగా బాధ్యతనుగూర్చిన న్యాయమైనది. ఈ మార్పును ఏ ఒక్క శాసనసభయు ఒక్కనాడు చేయలేదు. ఒక రైల్వే కంపెనీ, ఒక జమీందారు, ఒక కర్మాగారము, ఒక పట్టణపు పౌరులు, ఒక సరస్సు కలిసి నూట ముప్పది యేండ్లలో చేసినవి.

ఇంటిలో కూర్చుండి వార్తలలో ఫలానా చెరువునుగూర్చి కోర్టు ఆదేశించినదని వినునపుడు, అది దూరపుమాటగా తోచవచ్చును. కాని మన ఊరి చెరువునకును ఆ తీర్పే అండ. గ్రామపు రెవెన్యూ రికార్డులలో చెరువు ఎంత విస్తీర్ణమున నమోదైనదో, దానికి నీరు తెచ్చు వాగు ఏ సర్వే నంబరులో నున్నదో అడిగి తెలిసికొనుట కష్టము కాదు. వ్రాతలో పది ఎకరములై, కంటికి ఆరు ఎకరములు కనబడినచో, మిగిలిన నాలుగు ఎక్కడికి పోయినవని అడుగుటకు ఆ ఊరిలో పుట్టినవానికెల్ల అధికారమున్నది. గట్టు పోసిన తరువాత కంటె పోయుచున్నపుడే అడుగుట మేలు. తిరుపతి చెరువులు నేర్పిన పాఠము అదియే.

పెదవేగి మెట్టమీద నేడు ఆయిల్‌పామ్ తోటలు పెరుగుచున్నవి. వానిని తడుపునది నేల అడుగునుండి తోడుకొను బోరునీరు. ఆ నీరును వెనుకటి వానయే. రేపటి వాన దారిలో ఎక్కడ ఆగవలెనో, ఎక్కడ ఆగకూడదో ఇకమీద గట్టులే కాదు, మన నడతయు నిర్ణయించును. ఒకనాటి రాజులు దానము చేసిన భూములకు రాగిరేకులు సాక్ష్యమైనవి. మన తరము తన తరువాతివారికి నీటిని అప్పగించినదనుటకు సాక్ష్యము, వానకాలమున నిండిన కొల్లేరే కావలెను.